రాజ్యాంగవాదులంటే ఎవరు?



మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, కాస్త నడుం వాల్చే వేళ రేడియో దగ్గరికి చేరిన మీతో ఈవేళ రాజకీయాలు మాట్లాడబోతున్నానేమోనని భయపడకండి. ఒకే ఒక్క మాట గురించి ముచ్చటించుకుందామని వచ్చాను. ఆ మాట మీరు రోజూ వార్తల్లో వింటున్నదే. "మేం చేసింది రాజ్యాంగబద్ధం" అని ఒకరంటారు. "కాదు, అది రాజ్యాంగవిరుద్ధం" అని ఇంకొకరంటారు. అసలైన రాజ్యాంగవాదులం మేమేనని ఇద్దరూ అంటారు! పోపు మాడిపోతుందన్న తొందరలో మనం ఆ మాటను చెవిదాకా రానిస్తాం గానీ మనసుదాకా రానివ్వం.

నేనూ అంతే. నేను చదివింది పదవ తరగతి. రాజ్యాంగమంటే ప్లీడర్లకూ మంత్రులకూ సంబంధించిన లావుపాటి పుస్తకమనే అనుకుంటూ వచ్చాను. మా గార్లదిన్నెలో, మా సొంత మహిళా సంఘంలో జరిగిన ఒక చిన్న గొడవే నన్ను ఆ మాట వెంట పడేటట్టు చేసింది. ఆ గొడవలో తప్పు నాదే కనుక చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు.

మా వీధి ఆడవాళ్ళం ఇరవైమంది కలిసి ఒక పొదుపు సంఘం పెట్టుకున్నాం. డబ్బు లెక్కలు నా చేతికి అప్పజెప్పారు. పెట్టె తాళంచెవి కూడా నా కొంగునే ఉండేది. అయిదువందలు దాటిన ఏ ఖర్చుకైనా అందరూ కూర్చుని తీర్మానం చేయాలి, పుస్తకంలో ముగ్గురి సంతకాలుండాలి అని నియమం. నలుగురి ముందూ ఆ నియమం చదివి, పుస్తకంలో రాసింది కూడా నేనే. ఆ ఏడు వానల్లేక వేరుశనగ పోయింది. ఒక రాత్రి మా సంఘంలోని ఒకామె జ్వరంతో కాలిపోతున్న బిడ్డను భుజాన వేసుకుని వచ్చి మా గుమ్మంలో నిలబడింది. నేను మరేమీ ఆలోచించకుండా పెట్టె తెరిచి రెండువేలు తీసిచ్చాను. బిడ్డ బతికాడు. మంచిపని చేశానని లోలోపల పొంగిపోయాను కూడా.

తర్వాతి సమావేశంలో మా వీధి పెద్దావిడ ఒకామె, నేను వదినా అని పిలుస్తాను, లెక్కల పుస్తకం తిరగేసి అడిగింది. "డబ్బు ఇచ్చింది మంచికే, ఎవరు కాదన్నారు? అయితే సంతకాలు ఏవమ్మా? నువ్వు మంచిదానివి గాబట్టి సరిపోయె. రేపు ఆ తాళంచెవి ఇంకొకరి కొంగున ఉంటే?"

నాకు కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి. ఒక పసివాడి ప్రాణం కంటే మూడు సంతకాలు ఎక్కువా అనిపించింది. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఆ రాత్రి పడుకుని వదిన మాటే మళ్ళీ మళ్ళీ తలుచుకున్నాను. మంచిదాన్నయినా సరే, నన్ను కూడా కట్టిపడేసే నియమం ఒకటి ఎందుకుండాలి? ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి మా వదిన కాదనీ, దీని వెనుక పెద్ద చరిత్రే ఉందనీ తర్వాత తెలుసుకున్నాను. అదే మీకు చెబుతాను.

ముందు మాట సంగతి చూద్దాం. 'రాజ్యాంగం' అన్నది కొత్తమాట కాదు. రాజ్యానికి ఏడు అంగాలని మన పూర్వులు లెక్కపెట్టారు. రాజు, మంత్రి, మిత్రుడు, ధనాగారం, దేశం, కోట, సైన్యం. అమరకోశంలో ఈ ఏడింటికీ రాజ్యాంగాలనే పేరు. ఆ లెక్కలో రాజుగారే మొదటి అంగం. తక్కినవన్నీ ఆయన వెనుకే. ఈనాడు మనం అదే మాటను దేశాన్ని నడిపే మూలశాసనానికి పెట్టుకున్నాం. చూశారా విచిత్రం! మాట పాతదే, అర్థం మాత్రం తలకిందులయింది. పాలించేవాడు మొదట ఉండి నియమాలు వెనుక నడిచే రోజులు పోయి, నియమాలు ముందుండి పాలించేవాడు వెనుక నడవాల్సిన రోజులు వచ్చాయి. ఈ మార్పు కావాలని కోరేవాళ్ళే రాజ్యాంగవాదులు.

ఇది మనకొక్కరికే పుట్టిన కోరిక కాదు. 1906లో ఇరాన్ దేశపు ప్రజలు తమ షా చేత ఒక పార్లమెంటుకు ఒప్పుకునేలా చేశారు. ఆ ఉద్యమాన్ని వాళ్ళ భాషలో 'మష్రూతా' అంటారు. 'షర్త్' అనే మూలం నుంచి వచ్చిన మాటగా దాన్ని చెబుతారు. మనం ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు పెట్టే 'షరతు' కూడా ఆ షర్తే! అంటే షరతులకు లోబడిన పాలన అన్నమాట. రాజా, నువ్వు ఉండు, మాకేం అభ్యంతరం లేదు. అయితే షరతుల మీద ఉండు. ఇంత పెద్ద విషయం ఎంత ఇంటిమాటలో ఇమిడిందో చూడండి.

ఇక మన సీమకు వద్దాం. మా గార్లదిన్నె నుంచి పెద్దరోడ్డు పట్టుకుని ఉత్తరంగా పోతే పామిడి, అక్కడ పెన్న దాటితే గుత్తి. గుత్తి అనగానే మీకు కొండమీది కోట గుర్తుకొస్తుంది. నాకు మాత్రం ఇప్పుడు ఒక ప్లీడరు గుర్తుకొస్తారు. ఆయన పేరు కేశవ పిళ్లె. 1885 డిసెంబరులో బొంబాయిలో కాంగ్రెసు మొట్టమొదటి మహాసభ జరిగింది. దేశం మొత్తం మీద 72 మంది ప్రతినిధులు వెళ్ళారు. కరువుసీమలోని గుత్తి నుంచి రైలెక్కి వెళ్ళిన కేశవ పిళ్లె వాళ్ళలో ఒకరు.

ఆ కాలపు పెద్దల పద్ధతి ఏమిటంటే అర్జీ రాయడం, సభపెట్టి తీర్మానం చేయడం, పత్రికల్లో ప్రకటించడం, శాసనసభలో ప్రశ్నించడం. మీ చట్టం ప్రకారమే మాకు న్యాయం చేయండి అని దొరలను నిలదీయడం. దీన్నే రాజ్యాంగబద్ధమైన ఆందోళన అనేవారు. ఆ పద్ధతికి ఒక గట్టి పరీక్ష కేశవ పిళ్లె గారి కళ్ళముందే ఎదురయింది.

1893 అక్టోబరు 4న గుంతకల్లు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళను కొందరు తెల్ల సిపాయిలు వెంబడించారు. ఆ ఇద్దరూ పరుగెత్తుకొచ్చి రైల్వే గేటు దగ్గరున్న గదిలో తలదాచుకున్నారు. గేటు కాపలాదారు పేరు హంపన్న. అతనికి తుపాకీ లేదు, అధికారం లేదు. అయినా సిపాయిలకు అడ్డం నిలబడ్డాడు. ఒక సిపాయి తుపాకీ పేల్చాడు. ముక్కూ మొహం తెలియని ఇద్దరు ఆడవాళ్ళ మానం కోసం హంపన్న ప్రాణం విడిచాడు.

ఈ సంగతి నలుగురికీ తెలియజేసి, న్యాయం జరగాలని వెంటపడినవారిలో కేశవ పిళ్లె ఉన్నారు. కేసు మద్రాసుదాకా వెళ్ళింది. విచారణ జరిగింది. నిందితుడైన సిపాయి నిర్దోషి అని విడుదలయ్యాడు! అంతే. చట్టం పుస్తకం మూసేశారు. చందాలు పోగుచేసి గుత్తిలో హంపన్నకు ఒక స్మారకం కట్టించారు. అది ఈనాటికీ ఉంది.

మీరే ఆలోచించండి. ఇలాంటి తీర్పు విన్నాక, ఇంకా అర్జీలు రాద్దాం అనేవాళ్ళ మీద కుర్రకారుకు ఒళ్ళు మండదూ? 1907లో సూరత్ కాంగ్రెసులో అదే బయటపడింది. కాంగ్రెసు రెండుగా చీలింది. ఒకరు మితవాదులు, ఇంకొకరు అతివాదులు. ఆ ఏడాదే బిపిన్ చంద్రపాల్ రాజమండ్రికి వచ్చి ఉపన్యసిస్తే విద్యార్థులు ఉర్రూతలూగిపోయారు. 'మితవాది' అన్న మాట అప్పటినుంచి మెల్లగా ఎత్తిపొడుపు మాటయింది. పిరికివాడనీ, దొరలకు సలాము కొట్టేవాడనీ అర్థం వచ్చేటట్టు వాడారు.

ఇక్కడ మనం ఒక తేడా గమనించాలి. రాజభక్తుడు వేరు, రాజ్యాంగవాది వేరు. దొర ఏంచేసినా న్యాయమే అనేవాడు రాజభక్తుడు. దొర కూడా చట్టానికి లోబడాల్సిందే అనేవాడు రాజ్యాంగవాది. ఇద్దరూ తలపాగా చుట్టుకుని, ఇంగ్లీషులో మర్యాదగా మాట్లాడినంత మాత్రాన ఇద్దర్నీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. కేశవ పిళ్లె తర్వాత మద్రాసు శాసనమండలి సభ్యులయ్యారు. 1922లో సముద్రాలు దాటి బ్రిటిష్ గయానా వెళ్ళి, అక్కడి భారతీయ కూలీల బాగోగులు విచారించి వచ్చారు. సలాములు కొట్టుకుంటూ ఇంట్లో కూర్చున్న మనిషి కాదు సుమా!

అయితే మితవాదుల పద్ధతిలో ఒక పెద్ద లోటుంది. దాన్ని దాచకూడదు. ఆనాటి చట్టం మనం చేసుకున్నది కాదు. ఆ పెట్టె వాళ్ళది, తాళంచెవి వాళ్ళది, నియమం రాసినవాళ్ళూ వాళ్ళే. అలాంటప్పుడు నియమం ప్రకారం నడవండి అని ఎంత మొత్తుకుంటే ఏం లాభం? అందుకే గాంధీగారు వచ్చాక దేశం దారి మార్చింది. మా జిల్లాలో హిందూపురం వైపు కల్లూరు సుబ్బారావు గారు, ఇంకా ఎందరో, ఆ చట్టాన్ని ధిక్కరించి జైళ్ళకు వెళ్ళారు. 1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహం చేసి దుర్గాబాయమ్మ జైలుకు వెళ్ళారు.

మరి చట్టాన్ని ధిక్కరించినవాళ్ళు నియమాలంటే గిట్టనివాళ్ళా? దుర్గాబాయమ్మ చిన్ననాటి ముచ్చట ఒకటి చెబుతాను. మీలో చాలామంది వినే ఉంటారు. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ. అప్పటికి ఆవిడకు 14 ఏళ్ళు. ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర టికెట్లు చూసే వాలంటీరు. జవహర్లాల్ నెహ్రూ గారు టికెట్టు లేకుండా వచ్చారు. ఈ పిల్ల దారి వదల్లేదు. ఆయనెవరో తెలియదా అని పెద్దలు కోప్పడ్డారు. టికెట్టు లేనివారిని లోపలికి వదలవద్దని మీరేగా చెప్పారు అంది. టికెట్టు కొని ఇచ్చాకే ఆయన లోపలికి వెళ్ళారు. నెహ్రూ గారు ఆ పిల్లను మెచ్చుకున్నారే గానీ నొచ్చుకోలేదు.

చూశారా! పరాయివాడు నెత్తిన రుద్దిన చట్టానికి ఎదురు తిరిగిన చెయ్యే, మనం పెట్టుకున్న నియమాన్ని ఎంత పెద్దవాడి ముందైనా నిలబెట్టింది. ఈ రెండు పనులకూ వైరం లేదు.

ఆ పద్నాలుగేళ్ళ పిల్లే పెద్దదై 1946లో మన రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. ఆ సభలో ఆడవాళ్ళు 15 మంది. కల్లూరు సుబ్బారావు గారూ అందులో ఉన్నారు. మా గార్లదిన్నె మండలంలోని ఇల్లూరులో 1913లో పుట్టి, అనంతపురంలో కాలేజీ చదువు మానేసి ఉద్యమంలో దూకిన నీలం సంజీవరెడ్డి గారూ ఉన్నారు. నిన్నటిదాకా చట్టాన్ని ధిక్కరించి జైళ్ళలో మగ్గినవాళ్ళే కూర్చుని చట్టానికి మూలమైన చట్టాన్ని రాశారు. దాదాపు మూడేళ్ళు పట్టింది. 1949 నవంబరు 26న ఆమోదించి, 1950 జనవరి 26 నుంచి అమలుకు తెచ్చారు.

ఆమోదానికి ముందురోజు అంబేద్కర్ గారు సభలో ఒక హెచ్చరిక చేశారు. న్యాయం పొందడానికి రాజ్యాంగ మార్గాలు లేని రోజుల్లో చట్టధిక్కారానికి సమర్థన ఉండేదనీ, ఆ మార్గాలు తెరుచుకున్నాక వాటినే పట్టుకోవాలనీ ఆయన మాటల సారాంశం. వ్యక్తిపూజ వద్దనీ, ఎంత గొప్పవాడైనా సరే మన స్వేచ్ఛను అతని పాదాల దగ్గర పెట్టవద్దనీ కూడా ఆరోజే చెప్పారు. ఒకనాడు ఎత్తిపొడుపుగా వాడిన మాట ఆనాటితో ప్రమాణంగా మారింది. గుత్తి ప్లీడరు పరాయి ప్రభుత్వాన్ని ఏది అడిగారో, అదే ఇప్పుడు మన ప్రభుత్వాన్ని మనం అడగాలి.

అడగడం తేలికే. అధికారం మన చేతికొచ్చాక మనం లోబడటమే కష్టం. దానికి ఇల్లూరు వారి కథే చెబుతాను. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు మొదటి ముఖ్యమంత్రి సంజీవరెడ్డి గారు. 1962లో రెండోసారి ఆ పదవిలోకి వచ్చారు. కర్నూలు జిల్లాలో కొన్ని బస్సు మార్గాలను ప్రభుత్వపరం చేసే పథకం మీద ప్రైవేటు బస్సుల యజమానులు కోర్టుకెక్కారు. ముఖ్యమంత్రి రాజకీయ వైరంతో చేయించారని వారి ఆరోపణ. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ ఆరోపణలను ఖండిస్తూ ముఖ్యమంత్రి ప్రమాణపత్రం దాఖలు చేయలేదన్న సంగతిని కోర్టు ఎత్తిచూపి, ఆ పథకాన్ని కొట్టివేసింది. పదవి దిగమని కోర్టు చెప్పలేదు. శాసనసభలో ఆయనకు బలం తగ్గలేదు. అయినా 1964 ఫిబ్రవరిలో ఆయన రాజీనామా చేశారు. కాసు బ్రహ్మానందరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు.

ఇది విని, ఆయన ఏం చేసినా రాజ్యాంగబద్ధమే అని మనం తీర్మానించుకోకూడదు. అది మళ్ళీ వ్యక్తిపూజే అవుతుంది. 1977లో ఆయన రాష్ట్రపతి అయ్యారు. 1979 ఆగస్టులో చరణ్ సింగ్ ప్రభుత్వం రాజీనామా చేసినప్పుడు, జగ్జీవన్ రామ్ గారికి అవకాశం ఇవ్వకుండా లోక్‌సభను రద్దుచేశారు. అది రాష్ట్రపతి అధికారంలోనిదే అని కొందరు, న్యాయం కాదని కొందరు ఈనాటికీ వాదించుకుంటూనే ఉంటారు. ఒక్క మనిషి జీవితంలోనే ఒక పని మెప్పు పొందింది, ఇంకో పని వివాదంలో పడింది. రాజ్యాంగవాది అన్నది ఒకసారి ఇస్తే చచ్చేదాకా చెల్లే బిరుదు కాదు. ప్రతి పనికీ మళ్ళీ మళ్ళీ తూచి చూడాల్సిన మాట అది.

ఇంకొక్క సందేహం తీర్చుకుందాం. ఎక్కువమంది ఒప్పుకుంటే చాలదా, ఈ పుస్తకం ఏంటికి అంటారు కొందరు. మన ఇంటి సంగతే తీసుకోండి. అత్తామామా, మొగుడూ, మరిదీ నలుగురూ ఒక్కటై, ఆడపిల్లకు చదువెందుకు, మాన్పించేద్దాం అన్నారనుకోండి. చేతులెత్తి లెక్కపెడితే నలుగురిదే గెలుపు. అయినా ఆ పిల్ల చదువు ఆ నలుగురి చేతుల్లో లేదు. ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా పిల్లల చదువు ప్రాథమిక హక్కని 2002లో రాజ్యాంగానికి చేసిన 86వ సవరణ చెబుతోంది. ఎంతమంది చేతులెత్తినా తీసేయలేనివి కొన్ని ఉంటాయి. వాటిని కాపాడటమే రాజ్యాంగం పని. తలలు లెక్కపెట్టడం ప్రజాస్వామ్యం. ఆ లెక్కకు అందనివాటికి కంచె వేయడం రాజ్యాంగం. రెండూ కావాలి.

ఆ పుస్తకం మన ఆడవాళ్ళకు తెరిచిన తలుపులు కూడా తక్కువేం కాదు. 1993లో అమలుకొచ్చిన 73వ సవరణతో పంచాయతీల్లో మూడోవంతుకు తక్కువ కాకుండా స్థానాలు మనకు దక్కాయి. అయితే కుర్చీలో ఆమె, సంతకం దగ్గర ఆయన అన్నట్టు నడిచే చోట్లు మీకూ తెలుసు. పత్రికలవాళ్ళు 'రాజ్యాంగేతర శక్తి' అని పెద్దమాట రాస్తుంటారే, అది ఢిల్లీలోనే ఉండాలని లేదు. ఏ పదవీ లేకుండా పెత్తనం చేసే మనిషి పంచాయతీ ఆఫీసు అరుగుమీదా కూర్చుని ఉండవచ్చు.

ఇక మా సంఘం సంగతి చెప్పి ముగిస్తాను. మరుసటి సమావేశంలో లేచి నిలబడి, నియమం తప్పానని ఒప్పుకున్నాను. ఆ రెండువేలూ నా చీటీ డబ్బులోంచి పెట్టెలో వేశాను. తాళంచెవి వదిన ముందు పెట్టాను. ఆమె దాన్ని వెంటనే తీసుకోలేదు. "తప్పు నీదొక్కదానిదే కాదులే, ఆపద వస్తే ఏం చేయాలో మన నియమంలోనే రాసుకోలేదు" అంది. అందరం కూర్చుని కొత్త నియమం రాసుకున్నాం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇద్దరు సభ్యులు కలిసి రెండువేలదాకా ఇవ్వవచ్చు. వారంలోగా సమావేశం పెట్టి లెక్క చెప్పాలి. తాళంచెవి ఏడాదికొకరి దగ్గర ఉండాలి. ఆ తల్లికి ఇచ్చిన డబ్బును కూడా ఆ రోజే తీర్మానంలో పెట్టి, నా డబ్బు నాకు తిరిగిచ్చారు.

నియమం దయకు అడ్డమని ఆ రాత్రి ఏడ్చాను. నియమంలో దయకు కూడా చోటు రాసుకోవచ్చని ఆ రోజు తెలిసింది. రాజ్యాంగానికి సవరణలు ఎందుకో కూడా అప్పుడే అర్థమయింది.

కనుక సోదరీమణులారా, ఈసారి వార్తల్లో ఎవరైనా మేం రాజ్యాంగవాదులం అన్నప్పుడు పొయ్యి కాస్త తగ్గించి వినండి. ఎదుటివాడికి పుస్తకం చూపించి గద్దించేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. తాళంచెవి తన కొంగున ఉన్నప్పుడు ఆ పుస్తకం ఏం చెబుతోందో చూసుకుంటున్నారా అన్నదే మనం అడగాల్సిన ప్రశ్న. మా వదిన చదువుకోలేదు. అయినా ఆ ప్రశ్న ఆమెకు తెలుసు.

ఉంటాను మరి, సెలవు.